చూపు తిప్పుకోలేని ఫోటో

అమలాపురం గడియారస్తంభం సెంటర్ దాటి కొంచెం లోపలికి వెళ్తే ఒక మేడమీద పాత ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పోయినవాళ్ల ఎన్‌లార్జిమెంట్లు తీస్తూ దాని యజమాని జీవితమంతా అక్కడే గడిపాడు. ఆయన మేనకోడలు హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ నేర్చుకుని వచ్చి, కొన్నేళ్లుగా కోనసీమలో ఎవరూ కెమెరా ఎత్తని చోట్లకి వెళ్తోంది. అంతర్వేది తీర్థంలో వరసగా కూర్చుని అడుక్కునేవాళ్లు, కాలవగట్ల మీద పట్టాల కింద బతికే కుటుంబాలు, పీచు ఫ్యాక్టరీ దుమ్ములో పనిచేసే ఆడవాళ్లు, తీర్థాలకి వచ్చే హిజ్రాలు ఆవిడ ఫోటోల్లో ఉంటారు. వాటిని ఊళ్లో టౌన్ హాల్లో ప్రదర్శనకి పెట్టాలని ఆవిడ పట్టుదల. పెద్ద ప్రింట్లు వెయ్యడానికి మేనమామ చెయ్యి కావాలి. ఆయన వద్దంటున్నాడు.

ఆ వాదన సాగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఇలాంటి ఫోటోల ముందు నా కాళ్లు ఆగిపోతాయి, ఎందుకాగానా అని తర్వాత మనసు పీకుతుంది. అందుకే వాళ్లన్న మాటల్ని వాళ్లన్నట్టే రాయడానికి ప్రయత్నించాను.

మావయ్య: ఈ ఫోటో చాలా బాగుందమ్మడూ. అందుకే వద్దంటున్నాను.

మేనకోడలు: బాగుంటే వద్దనడమేంటి మావయ్యా?

మావయ్య: చూడు. రథం నీడ పడ్డ ఇసకలో కూర్చుంది ఈ ముసలావిడ. వేళ్లు మొదళ్ల దాకా అరిగిపోయాయి. సత్తు గిన్నెని రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుంది. తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. వెనకాల జనం కాళ్లే ఉన్నాయి గాని ఒక్క మొహం లేదు. ఎండ సరిగ్గా గిన్నె అంచు మీదా, ఆవిడ చెంప మీదా పడింది. ఇన్నేళ్లలో నాకిలాంటి వెలుగు దొరికింది ఎంతో అరుదుగా. ఇందాకట్నించీ పక్కన పెట్టేద్దామనుకుంటూనే మళ్లీ చేతిలోకి తీసుకుంటున్నాను. అదే అంతర్వేదిలో ఆవిడ ఎదురుపడితే ఇంతసేపు చూస్తానా? గిన్నెలో పది రూపాయలేసి తల తిప్పుకుని పోతాను. మనిషి ముందు లేని ధైర్యం కాగితం ముందు నాకెక్కణ్ణుంచి వచ్చింది?

మేనకోడలు: కాగితం మిమ్మల్ని తిరిగి చూడదు గనక.

మావయ్య: ఆయ్, నువ్వే చెప్పేవు. చూసేవాడికి జంకు లేదు, చూపించుకునేవాళ్లకి అడ్డు చెప్పే వీల్లేదు. ఈ ఫోటోలకున్న ఆకర్షణంతా అందులోనే ఉంది. దాన్ని పెద్దది చేసి గోడకి తగిలిస్తానంటున్నావు.

మేనకోడలు: నేను చెప్పింది సగమే మావయ్యా, మిగతా సగం వినండి. తల తిప్పుకుపోవడం మర్యాదని మీరనుకుంటున్నారు. ఆవిడ ఏడాదికోసారి ఆ ఇసకలో కూర్చుంటుంది. మాఘమాసంలో కల్యాణానికి, రథానికి లక్షలమంది వస్తారు. అంతమందీ మీలాగే మర్యాదగా తల తిప్పుకున్నారు. దానివల్ల ఆవిడకి ఒరిగిందేముంది? ఇప్పుడు మీరు ఆవిడ తల్లో కనకాంబరాలు చూశారు. తీర్థంలో అయితే చూసేవారా? గిన్నె దాటి మీ చూపు పైకి వెళ్లేది కాదు.

మావయ్య: చూశాను, సరే. చూసి ఏం చేశాను? వెలుగు బాగుందన్నాను.

మేనకోడలు మాట్లాడలేదు. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, ఎన్నాళ్లనుంచో ఎవరికీ చెప్పని సంగతి చెప్తున్నవాడిలా గొంతు తగ్గించాడు.

మావయ్య: నువ్వు పుట్టకముందు మాట. కాలవలో శవం కొట్టుకొచ్చిందంటే పోలీసులు మా స్టూడియోకే కబురెట్టేవారు. కానిస్టేబులు సైకిలేసుకొచ్చి కిందనుంచి కేకేసేవాడు. యాషికా కెమెరా, ఫ్లాష్ పట్టుకుని వెళ్లేవాణ్ణి. మొహం దగ్గరగా ఒకటి, ఒళ్లంతా పడేలా ఒకటి, పచ్చబొట్టో పుట్టుమచ్చో ఉంటే అదొకటి. పంచనామాకి కాపీలిచ్చి, ఎవరైనా గుర్తుపడతారేమోనని ఒక్కో కాపీ ఇక్కడ ఆల్బంలో ఉంచేవాణ్ణి. తమ్ముడు కనపడట్లేదనీ, కూతురు ఇల్లొదిలి పోయిందనీ ఏడుస్తూ వచ్చి చూసినవాళ్లున్నారు. వాళ్లకన్నా ఊరికే చూడ్డానికొచ్చినవాళ్లే ఎక్కువ. పాస్‌పోర్టు ఫోటో దిగి, డబ్బులిచ్చి, గుమ్మం దాకా వెళ్లి ఆగేవారు. 'నిన్న కాలవ దగ్గర దొరికిన ఆడమనిషి ఫోటో ఉందాండీ' అని మెల్లగా అడిగేవారు. చదువుకున్నవాళ్లు, ఇంట్లో పూజలు చేసుకునేవాళ్లే. చివరికి ఆ ఆల్బం బీరువాలో పెట్టి తాళమేశాను. నీ ప్రదర్శనకి వచ్చేవాళ్లలో వాళ్లుండరని చెప్పగలవా?

మేనకోడలు: ఉంటారు. డయాన్ ఆర్బస్ అని న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ ఒకావిడ ఉండేది. డబ్బున్న ఇంట్లో పుట్టి మరుగుజ్జుల్నీ, సర్కస్ మనుషుల్నీ, ఆడవేషం కట్టే మగవాళ్లనీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లనీ తీసింది. 1965లో అక్కడి ఆధునిక కళల మ్యూజియంలో ఆవిడ ఫోటోలు కొన్ని పెడితే జనం వాటిమీద ఉమ్మేసేవారట. పొద్దున్నే సిబ్బంది తుడిచేవారట. 1971లో ఆవిడ ప్రాణం తీసుకుంది. మర్నాడే అన్నట్టు 1972లో అదే మ్యూజియంలో ఆవిడ ఫోటోలన్నీ పెడితే జనం బారులు తీరారు. ఉమ్మినా, క్యూలో నిలబడినా ఆ ఫోటోల్ని దాటుకుని పోలేకపోయారు.

మావయ్య: ఆ క్యూలో నిలబడ్డవాళ్లవల్ల ఆ మరుగుజ్జులకి ఏం జరిగింది?

మేనకోడలు: ఏమీ జరగలేదనే సుసాన్ సాంటాగ్ 1977లో రాసింది. ఆ ఫోటోలు జాలి నేర్పవు, చలించకుండా చూడ్డం నేర్పుతాయని ఆవిడ అభియోగం. కానీ 2003లో ఇంకో పుస్తకం రాస్తూ, చూసి చూసి మనసు మొద్దుబారుతుందన్న తన పాతమాట నిజమేనా అని తనే సందేహపడింది. నా సందేహం కూడా అదే. మీ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగినవాడు ఉన్నాడే, వాడిలో కుతూహలం తప్ప ఇంకేమీ లేదని మీకెలా తెలుసు? కాలవలో తేలింది ఎవరి ఆడపిల్లో అన్న భయం వాడికీ ఉండి ఉండొచ్చు.

మావయ్య: ఉండొచ్చు. కానీ ఆ సంగతి తేల్చడం కోసం ఆ పిల్ల శవాన్ని వాడికి చూపించాలా? 2014లో జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలింది. ఇరవైమందికి పైగా పోయారు. తెల్లారేసరికి కాలిన కొబ్బరిచెట్లూ, కాలిన మనుషులూ ఫోన్లలో తిరిగారు. నాకూ పంపారు. పంపినవాళ్లలో ఒక్కడు కూడా పోయినవాళ్ల పేర్లు పంపలేదు.

ఆ మాటకి మేనకోడలు తలూపింది. ఆ ఫోటోలు నాకూ వచ్చాయి. ఎవరివో తెలియని ఒళ్లు అంత దగ్గరగా చూసిన రోజులు మళ్లీ రాకూడదనుకుంటాను.

మేనకోడలు: అవి పంపింది ఎవరికీ ఏదీ రుజువు చెయ్యడానికి కాదు. రుజువు కోసం తీసిన ఫోటోల సంగతి చెప్తాను. బెజవాడ విల్సన్ 1966లో కోలార్ బంగారు గనుల్లో పుట్టాడు. అక్కడికి వలసెళ్లిన తెలుగు కుటుంబం. గని కార్మికుల కాలనీల్లో పాత పాయిఖానాలుండేవి. వాటిల్లోని మలాన్ని చేతుల్తో ఎత్తి బకెట్లలో మోసేవాళ్లంతా ఈయన బంధువులూ, ఇరుగుపొరుగూ. కంపెనీవాళ్లు అలాంటివి లేవంటూ వచ్చారు. ఫోటోలు బయటికొచ్చాక లేవనడం కుదర్లేదు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టమొచ్చింది. చట్టమొచ్చాక ప్రభుత్వాలు మా దగ్గర ఆ పనే లేదన్నాయి. 2003లో విల్సన్ సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకెళ్లింది. లేరు లేరని రాష్ట్రాలు అఫిడవిట్లు వేస్తుంటే వీళ్లు ఫోటోలు పెట్టారు, చిరునామాలు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు గోతుల్లో దిగి చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలివ్వమన్నారు. ఆ ఫోటోలు మీరు చూశారా మావయ్యా? అన్నం సయించదు. చూసేవాళ్లకి కష్టంగా ఉంటుందనో, ఆ ఆడవాళ్లకి అవమానమనో తియ్యకుండా ఊరుకుంటే ఆ బకెట్లు ఇవాళ్టికీ కాగితం మీద లేనట్టే.

మావయ్య: విల్సన్ మాటొస్తే నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ నువ్వొక సంగతి దాటేశావు. ఆ కెమెరా వెనకాలున్నవాడు ఆ ఇంటివాడే. బకెట్టు మోసిన మనిషి ఆయనకి అమ్మో అక్కో అవుతుంది. ఆ ఫోటో తీస్తున్నప్పుడు సిగ్గుపడాల్సిందెవరో తీసేవాడికీ తెలుసు, దిగేవాళ్లకీ తెలుసు. నువ్వు మెయిన్‌రోడ్డు మీంచి వెళ్లేవు. అంతర్వేదిలో ఆవిడ నీకేమవుతుంది?

మేనకోడలు: ఏమీ కాకపోతే తియ్యకూడదా? అలాగైతే రోగం వచ్చినవాళ్లే రోగుల్ని తియ్యాలి, ఇల్లు లేనివాళ్లే ఇల్లు లేనివాళ్లని తియ్యాలి. వాళ్లకి కెమెరాలు చేరేదాకా వాళ్లు మన కంటికి ఆనకూడదన్నమాట.

మావయ్య: బయటివాళ్లు తీసినప్పుడు ఏం జరిగిందో చూడు. 1876లో ధాత కరువొచ్చింది. మనకి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లున్నాయి గనక డెల్టా నిలదొక్కుకుంది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. మద్రాసు సైన్యంలో హూపర్ అని ఒక అధికారి. ఎముకల గూళ్లలా ఉన్న మనుషుల్ని కుటుంబాలు కుటుంబాలుగా కూర్చోబెట్టి, నిలబెట్టి, పెద్దవాళ్లు వెనక, పిల్లలు ముందు, పెళ్లి గ్రూపుకి మేం సర్దినట్టు సర్ది తీశాడు. నిలబడలేనివాళ్లని పక్కవాళ్లకి ఆనించాడు. వాళ్లకి తిండి పెట్టే సంగతి పట్టించుకోలేదని అప్పట్లోనే అతన్ని తిట్టిపోశారు. ఆ తర్వాత 1886లో ఇతనే బర్మాలోని మాండలేలో మరణశిక్షలు అమలు చేస్తుండగా ఫోటోలు తీశాడు. తుపాకి పేలే క్షణం ప్లేటు మీదికి రావాలని ఆ తతంగాన్ని కెమెరాకి తగ్గట్టు నడిపించాడని పెద్ద గొడవైంది, విచారణ జరిగింది. నా చేతుల్తో ఎన్నో గ్రూపు ఫోటోలు సర్దేను కాబట్టి చెప్తున్నాను. హూపర్ ఫోటోల్లో నాకు భయం వేసేది ఆ ఎముకలు చూసి కాదు, ఆ సర్దుబాటు చూసి. అంత చావులోనూ ఫ్రేము చక్కగా ఉండాలన్న ధ్యాస పోలేదు.

మేనకోడలు: ఆ ఫోటోలు లేకపోతే ఇవాళ ధాత కరువంటే మనకి గెజెటీర్లలో అంకెలే మిగిలేవి.

మావయ్య: కాదనను. కానీ ఆ మాట ఇవాళ నువ్వనగలవు, నేననగలను. ఆ ఫోటోలోవాళ్లకి ఆ మాట వినే వ్యవధి లేకపోయింది. ఎడ్గర్ థర్‌స్టన్ సంగతీ అంతే. మద్రాసు మ్యూజియం పెద్ద. 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. కొలబద్దలు పట్టుకుని ముక్కులూ పుర్రెలూ కొలుస్తూ వస్తుంటే జనం పరుగెత్తి పారిపోయేవారు. యానాదులూ చెంచులూ ఆ పుస్తకంలో మనుషుల్లా కాదు, నమూనాల్లా నిలబడ్డారు.

మేనకోడలు: మీరు హూపర్నీ థర్‌స్టన్నీ చెప్తున్నారు, నేను హైమన్‌డార్ఫ్‌ని చెప్తాను. ఆయనా బయటివాడే, ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచయుద్ధం నాటికి శత్రుదేశం పాస్‌పోర్టు చేతిలో ఉండటంతో నైజాం రాజ్యంలో ఉండిపోయాడు. మన గోదారి పైన, పాపికొండల దగ్గర కొండరెడ్ల ఊళ్లలో ఉండి ఫోటోలు తీశాడు. 1945లో పుస్తకం వేశాడు. ఇప్పుడు పోలవరం ముంపులో దేవీపట్నం వైపు ఊళ్లు నీళ్లపాలయ్యాయి. రేపు ఆ పిల్లలు మా తాతల ఊరెలా ఉండేదని అడిగితే చూపించడానికి ఆ పాత ఫోటోలే దిక్కు. ఇంకోటి. ఆయన భార్య బెట్టీ 1987 జనవరి 11న చనిపోయింది. ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో వాళ్లిద్దరి సమాధులూ ఉన్నాయి. ఏటా ఆ రోజున గోండులు దణ్ణం పెడతారు. బయటివాళ్లందర్నీ ఒకే గాటన కట్టెయ్యొద్దు.

మావయ్య: గోండులు దణ్ణం పెట్టేది ఫోటోలు తీసినందుకు కాదమ్మా. మార్లవాయిలో బడి పెట్టించాడు, గోండు పిల్లల్ని టీచర్లని చేశాడు, భూములకి పట్టాలిప్పించాడు. అవన్నీ చేసినవాడు ఫోటోలు కూడా తీశాడు. నీ దగ్గర ఫోటోలు తప్ప ఏమున్నాయి?

ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. నాకు మాత్రం ఇక్కడ ఆ అమ్మాయి పక్షాన ఒక మాట చెప్పాలనిపించింది. ఫోటో తీసే ప్రతివాడూ బడి కట్టించాలంటే, రాసే ప్రతివాడూ ఆస్పత్రి కట్టించాలి. చూసినదాన్ని చూసినట్టు నిలబెట్టడం కూడా ఒక పనే. ఆ మాటే అన్నాను. మేనమామ నావైపు చూసి, కాదనకుండానే వేరే దారి పట్టాడు.

మావయ్య: 1996 తుఫాను తర్వాత ఏం జరిగిందో చెప్తాను, అప్పుడు మాట్లాడండి. నవంబరు 6 రాత్రి వచ్చింది. వెయ్యిమందికి పైగా పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. మన కొబ్బరితోటలన్నీ నేలకొరిగాయి. నేనూ కెమెరా పట్టుకుని తిరిగేను, పత్రికలవాళ్లకి ఇచ్చేను. ఆ తర్వాత తీరంనుంచి ఆడవాళ్లు నా స్టూడియో మెట్లెక్కడం మొదలెట్టారు. శవం దొరకలేదు. కాగితాలకి ఫోటో కావాలి. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. 'ఫలానా పెళ్లికి మీరే తీశారు బాబూ, మా ఆయన ఆ పెళ్లికొచ్చాడు, ఎక్కడైనా పడ్డాడేమో చూడండి' అనేవారు. రాత్రిళ్లు డార్క్‌రూములో కూర్చుని పెళ్లి నెగటివులు ఒక్కొక్కటే దీపానికి పట్టి వెతికాను. ఒకతను భోజనాల బంతిలో వెనక వరసలో దొరికాడు. సగం మొహమే. చేతిలో నీళ్లగ్లాసు, పక్కవాడితో ఏదో అంటూ నవ్వుతున్నాడు. ఆ సగాన్నే ఎన్‌లార్జరు కింద పెట్టి పెంచేను. చుక్కలు చుక్కలుగా వచ్చింది, కన్నెక్కడో ముక్కెక్కడో పోల్చుకోవడమే కష్టం. హైపోలోంచి తీసి ఆరకుండానే చూపించేను. ఆవిడ తడి కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, 'ఈయనే' అంది.

మేనకోడలు: ఇది మీరెప్పుడూ చెప్పలేదు.

మావయ్య: అప్పట్నించి నాకో లెక్క పడింది. మన దగ్గర పేదవాడికి ఫోటో మూడు సందర్భాల్లోనే తీస్తాం. కార్డు కోసం, సాయం పుచ్చుకుంటున్నప్పుడు, చచ్చిపోయాక. కార్డు ఫోటో ప్రభుత్వానిది. దుప్పటి అందుకుంటున్న ఫోటో ఇచ్చినవాడిది. శవం ఫోటో పోలీసులది. వాడు బతికుండగా, వాడి కోసం, వాడి ఇంట్లో గోడకి తగిలించుకోవడానికి తీసిన ఫోటో ఏదీ? నువ్వు నాలుగోది మొదలెట్టావు. ఇదీ వాడి ఇంటికి వెళ్లేది కాదు, టౌన్ హాలు గోడకి వెళ్లేది.

మేనకోడలు: వెళ్లింది మావయ్యా. ఆవిడకి ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను.

మావయ్య: ఏమంది?

మేనకోడలు: ఈ కనకాంబరాల ఫోటో చాలాసేపు చూసింది. పక్కన పెట్టేసింది. 'ఇది కాదు, నాకో మంచి ఫోటో తియ్యమ్మా' అంది. చీర మార్చుకొచ్చింది. గోడకానుకుని నిలబడి, చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది. తీశాను. అది చూసుకుని నవ్వింది. అది దాచుకుంది.

మావయ్య: ఆ ఫోటో ఈ కట్టలో లేదే?

మేనకోడలు: లేదు. మామూలు ఫోటో. దాని ముందు ఎవరూ ఆగరు.

మావయ్య: ఇందాకట్నించీ నేను మొత్తుకుంటున్నది ఇదే. ఆవిడకి నచ్చిన ఫోటో ముందు ఎవరూ ఆగరు, ఆవిడ పక్కన పెట్టేసిన ఫోటో దగ్గర్నుంచి ఎవరూ కదల్లేరు. నన్ను లాగుతున్నదేంటో ఇప్పుడు తేలిపోయింది. ఆవిడ దాచుకోవాలనుకున్నది నాకు దొరికింది, అదీ లాగుతున్నది.

మేనకోడలు: నేనూ దానిమీదే చాలా రాత్రులు ఆలోచించాను. మీకు తేలినట్టు నాకు తేలలేదు. ఆవిడ చేతులు కొంగు కింద ఎందుకు పెట్టుకుంది? వాటిని చూసి మనం భయపడతాం గనక. ఆవిడకి కుష్ఠురోగం ఎప్పుడో నయమైంది. 1983 నుంచి మన దేశంలో దానికి ఎండీటీ అనే మందులిస్తున్నారు. మందు పడ్డాక ఆ మనిషివల్ల ఎవరికీ అంటదు. పోయిన వేళ్లు మాత్రం తిరిగి రావు. రామచంద్రపురంలో, నరసాపురంలో మిషన్ ఆస్పత్రులు ఇలాంటివాళ్లని తరాలుగా సాకాయి, ఎందుకంటే ఇళ్లల్లో ఉండనివ్వలేదు. 2005 చివర్లో కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని దేశం ప్రకటించుకుంది. పదివేలమందికి ఒక్క కేసుకన్నా తగ్గిందని లెక్క. ఆ లెక్కలో ఆవిడ లేదు, ఆవిడకి నయమైపోయింది కాబట్టి. బస్సులో పక్కన కూర్చోరు. హోటల్లో గ్లాసివ్వరు. కాగితాల మీద రోగం లేదు, రోడ్డుమీద వెలి ఉంది. ఇప్పుడు నేను కొంగు కింద చేతులున్న ఫోటో ఒక్కటే పెడితే, ఆ చేతుల్ని ప్రభుత్వం లెక్కలోంచి తీసేసినట్టే నేనూ గోడమీంచి తీసేసినట్టు. చేతులు దాచుకోవడం ఆవిడ ఇష్టమా, మన భయమా? మన భయానికి నేను ఆవిడ ఇష్టమని పేరెందుకు పెట్టాలి?

మేనమామ వెంటనే జవాబివ్వలేదు. కట్టలో ఫోటోలు ఒక్కొక్కటీ మళ్లీ తిరగేశాడు. పీచు ఫ్యాక్టరీలో ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆవిడ దగ్గర కాసేపు ఆగాడు. ఇంత సూటిగా ఈ ప్రశ్నని నేనెక్కడా వినలేదు. అవమానపడినవాళ్ల మాట మన్నించడమంటే, ఆ అవమానం నేర్పిన అణకువని కూడా మన్నించడమా? ఈ రెంటినీ విడదీయగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, నాకు తెలీదు.

మావయ్య: నువ్వన్నది ఒప్పుకుంటాను, సగం. భయం మనదే. కానీ ఆ భయం పోగొట్టే బాధ్యత ఆవిడ చేతుల మీద పెడుతున్నావు. ఊరి బుద్ధి మార్చడానికి ఆవిడ తన చేతులు ఊరికి చూపించాలి, నువ్వు ఫ్రేము కట్టాలి. ఆవిడకి అంత పని ఎందుకు పడాలి?

మేనకోడలు: అయితే రెండూ పక్కపక్కన పెడతాను. ఆవిడ కోరుకున్నదీ, నేను తీసిందీ.

మావయ్య: వద్దు. ఆ పని పూర్వం చేసేశారు. లండన్లో డాక్టర్ బర్నార్డో అని అనాథపిల్లల ఆశ్రమాలు పెట్టినాయన. పిల్లాడు చినిగిన గుడ్డల్లో ఒకటి, ఆశ్రమంలో చేరాక శుభ్రంగా ఒకటి, జంటలు జంటలుగా కార్డులేసి చందాల కోసం అమ్మేవాడు. కొందరు పిల్లలు మొదట్లో అంత చినిగిన గుడ్డల్లో లేరనీ, ఫోటో కోసమే అలా చేశారనీ 1877లో పంచాయితీ జరిగి ఆయన్ని తప్పుపట్టారు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే చూసేవాడు కథ అల్లేస్తాడు. ముందు ఇలా ఉంది, ఆ అమ్మాయి వెళ్లి చీర కట్టించింది, ఇప్పుడిలా ఉందంటాడు. ఆ కథలో గొప్పంతా నీదే అవుతుంది.

మేనకోడలు: మరైతే కొంగు ఫోటో లోపలికి రాగానే పెడతాను, పెద్దదిగా. ఆవిణ్ణి ముందు ఆవిడ కోరుకున్నట్టే కలవాలి. ఇంకో మూల ఈ రెండోది, చిన్న సైజులో. కావాలనుకున్నవాళ్లు దగ్గరికెళ్లి వంగి చూడాలి. అసలు టౌన్ హాల్లో కూడా కాదు, బస్టాండ్లో. పి. సాయినాథ్ పల్లెల్లో ఆడవాళ్ల పని మీద తీసిన ఫోటోల్ని బస్టాండ్లలో, రైల్వేస్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పెట్టాడు. ఆ ఫోటోల్లో ఉన్నలాంటివాళ్లే వచ్చి చూశారు. మన ఆర్టీసీ బస్టాండ్లో పెడితే, పీచు ఫ్యాక్టరీకెళ్లే ఆవిడ బస్సు కోసం నిలబడి తనని తాను చూసుకుంటుంది. ఏదైనా తప్పుంటే అక్కడే నన్ను నిలదీస్తుంది. టౌన్ హాల్లో నన్ను నిలదీసేవాళ్లు రారు.

మావయ్య: బస్టాండ్లో అయితే మీ న్యూయార్క్ మ్యూజియంలోలా ఉమ్మేసేవాళ్లూ ఉంటారు.

మేనకోడలు: పొద్దున్నే వచ్చి తుడుస్తాను.

మావయ్య: ఆయ్, ఆ పని నేనూ చేస్తాను, పెద్ద ప్రింట్లు నేనే వేస్తాను. కానీ ఒక షరతు. ఆవిడ నిన్ను ఫోటో తియ్యమంది. అది కెమెరాకి ఇచ్చిన మాట. బస్టాండు గోడకి ఇచ్చిన మాట కాదు. అరచేతిలో పట్టే ప్రింటు చూసి సరేనన్న మనిషి, తలుపంత ప్రింటు చూసి సరేననదు. వేసిన ప్రింటు వేసినంతా చుట్టి తీసుకెళ్లి, పరిచి, ఎక్కడ పెడతామో చెప్పి మళ్లీ అడగాలి.

మేనకోడలు: వద్దంటే?

మావయ్య: పెట్టం.

మేనకోడలు: బతిమాలుకోవచ్చా?

మావయ్య: నువ్వు బతిమాలితే ఆవిడ కాదనగలదా? నువ్వు ఊరినుంచి వెళ్లినదానివి, చదువుకున్నదానివి, ఆవిడకి చీర కొనిచ్చే ఉంటావు. నీకు కాదని చెప్పడం ఆవిడకి ఎంత కష్టమో ఆలోచించావా?

మేనకోడలు: అయితే నేనడగను. మీరే వచ్చి అడగండి. ముసలివాళ్లిద్దరూ మాట్లాడుకోండి. మీకైతే ఆవిడ మొహమాటపడదు.

మావయ్య: నేనా? అంతర్వేది తీర్థానికి ఇంకా ఎన్ని నెలలుంది?

మేనకోడలు: తీర్థందాకా ఎందుకు మావయ్యా? ఆవిడ మిగతా రోజుల్లో ఎక్కడుంటుందో నాకు తెలుసు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురంలో దిగితే, అక్కణ్ణుంచి నడిచే దూరం.

మావయ్య: ఆదివారం వెళ్దాం. కెమెరా నాది తెస్తాను. వెనకాల కట్టే తెర కూడా తెస్తాను, కొంగు ఫోటో మళ్లీ బాగా తియ్యాలి.

మేనకోడలు: తెండి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం మీరు సర్దకండి.